బుట్ట కింద కుదురు

పెనుగొండ,
9 ఫిబ్రవరి 2023

ప్రియమైన ఫణీ,

ఆడపడుచు గారికి వదినగారి ఆశీస్సులు. కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు, అందరం బాగున్నాం. ఫోనే చేద్దామనుకున్నాను. కానీ నా చెవుల సంగతి నీకు తెలుసుగా. మొన్న నువ్వు "బెంగుళూరులో ఒకటే చలి" అంటే నాకు "ఒకటే పెళ్ళి" అని వినపడింది. ఎవరి పెళ్ళే అని అడిగితే నవ్వి పెట్టేశావు. రెండు రోజులు నేనూ మీ అన్నయ్యా ఆ పెళ్ళి ఎవరిదా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాం. అందుకని ఇకమీదట ముఖ్యమైన మాటలన్నీ కాగితం మీదే.

ఇది ముఖ్యమైన మాటే. మన గుర్రపుడెక్క షెడ్డు గురించి. డ్రెయిన్లలో నీళ్ళు కదలనీయకుండా పెరిగి ఊరందరి చేతా తిట్లు తినే ఆ మొక్కని కోసి, కాడలు ఎండబెట్టి, జడలల్లి బుట్టలు చేస్తున్నాం కదా. ఇప్పుడు ఇరవై రెండు మందిమి. అందులో పద్దెనిమిది మంది ఇదివరకు రొయ్యల షెడ్డులో తలలు తీసినవాళ్ళే. పొద్దున్నించీ సాయంత్రం దాకా మంచునీళ్ళలో చేతులు పెట్టుకుని నిలబడే పని. మా వీరవేణికి వేళ్ళ సందులన్నీ ఒరిసిపోయి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. వాళ్ళ ఇళ్ళకి నేనే వెళ్ళి, "రండే, పొడి చేతులతో చేసుకునే పని చూపిస్తాను" అని పిలుచుకొచ్చాను.

ఇప్పుడు మా బుట్టలు కొనే చెన్నై ఆయన దసరా తర్వాత ఇక తీసుకోనని కబురు పెట్టాడు. ఆయనకి ప్లాస్టిక్ బుట్టలు సులువట. దసరాలోగా ఇంకో కొనేవాళ్ళు దొరక్కపోతే షెడ్డు మూతపడుతుంది, వీళ్ళంతా మళ్ళీ మంచునీళ్ళలోకి పోతారు. నన్ను ఒక్క మాట అనరు ఫణీ. అదే నాకు భయం.

మీ కంపెనీ మాలాంటి చిన్న సంఘాల దగ్గర కూడా వస్తువులు తీసుకుంటుందని పేపర్లో చదివాను. ఫారం నింపి, మూత ఉన్న పెద్ద బుట్ట ఒకటి మీ ఆఫీసుకి పార్సిల్ చేయించాను. పన్నెండు రోజులు అల్లాం దాన్ని. దేశదేశాల్లో ఇంటి సామాన్ల దుకాణాలున్న కంపెనీ మీది. అందులో నువ్వు ఇంజినీరువి. ఒక్క మాట వెయ్యి తల్లీ. పని అయితే ఆడపడుచు లాంఛనం ఈసారి రెండింతలు పెడతాను, మీ అన్నయ్య కాదన్నా సరే.

నీ జవాబు కోసం గుమ్మం వైపే చూస్తూ,
మీ వదిన
బాలాత్రిపురసుందరి


బెంగుళూరు,
21 ఫిబ్రవరి 2023

ప్రియమైన వదినకు,

మా సెక్యూరిటీ ఆయన "మేడమ్, మీకు నిజం ఉత్తరం వచ్చింది" అని నీ కవరు రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆఫీసంతా చూసింది. నేను మాత్రం బాత్రూంలోకి వెళ్ళి చదువుకున్నాను.

వదినా, ముందే ఒక మాట చెప్పేస్తాను, కోప్పడకు. నేను మాట వేసే చోటు ఇక్కడ ఎక్కడా లేదు. ఎందుకో చెబుతాను విను.

మన ఊరి దుకాణంలో వస్తువు వచ్చాక దానికి ధర కడతారు. మా దగ్గర తలకిందులు. ముందు ధర రాసుకుంటారు, తర్వాత వస్తువు గీస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరి చిన్న అద్దె ఇంట్లో దిగిన ఒక అమ్మాయి ఉందనుకో. ఆమెకి దుప్పట్లు పెట్టుకోవడానికి బుట్ట కావాలి, ఇంతకు మించి పెట్టలేదు. అక్కడ మొదలవుతుంది కథ. ఆ ధరలో ఇమిడేలా బొమ్మ గీస్తారు. నమూనా చేయిస్తారు. ఆ నమూనాని పరీక్షిస్తారు. తర్వాత పెట్టెలో ఎన్ని పడతాయో చూస్తారు. పెట్టెలో గాలి ఎక్కువుంటే మా వాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది, గాలిని లారీలో ఎందుకు తిప్పడం అంటారు. ఆఖరికి పేరు పెట్టి ముందు కొన్ని స్టోర్లలో ఉంచుతారు. జనం తీసుకుంటే మిగతావాటికి పంపుతారు. ఇదంతా అయ్యేసరికి ఒక్కోసారి రెండేళ్ళు.

నేనుండేది ఆ మధ్యలో, పరీక్షల గదిలో. కుర్చీ మీద బరువుని యాభై వేల సార్లు దించే యంత్రం, సొరుగుని రోజంతా లాగి తోసే యంత్రం, వానాకాలం ముసురుని లోపల పెట్టుకున్న బీరువా, ఇవీ నా తోటి ఉద్యోగులు. నా బల్ల మీదికి వచ్చే వస్తువుకి పేరుండదు, ఊరుండదు. ఒక నంబరు ఉంటుంది. ఎవరు చేశారో నాకు తెలియకూడదనే ఆ ఏర్పాటు.

నువ్వు అడిగి నేను కాదనడం ఇదే మొదటిసారి. నేను మెకానికల్ చదువుతానంటే ఇంటిల్లిపాదీ నవ్విన రోజున నువ్వొక్కదానివే నవ్వలేదు. "దాన్ని చదవనివ్వండి, ఫ్యాను రిపేరుకి మనిషిని పిలిచే ఖర్చు తప్పుతుంది" అని నాన్నగారితో అన్నావు. ఆ మాటే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది. అది నేను మర్చిపోయేదాన్ని కాదు. బుట్ట దాని దారిన అది రావాలి వదినా. వస్తుందని నాకు నమ్మకం.

లాంఛనాలేమీ వద్దు. చల్లమిరపకాయలు పంపు చాలు.

నీ మాట కాదనలేక కాదన్న,
ఫణిశ్రీ


పెనుగొండ,
4 మే 2023

ప్రియమైన ఫణీ,

తిప్పి పంపేశారే. ఇంగ్లీషు కాగితం వచ్చింది. మా షెడ్డులో ప్రసన్నకుమారి కూతురు చదివి చెప్పింది. తేమ పరీక్షలో నిలవలేదట, మూత లోపలివైపు బూజు వచ్చిందట, "తిరస్కరించడమైనది" అట. కింద పేరు లేదు, ఏదో నంబరు.

పన్నెండు రోజులు అల్లామే! మాణిక్యాంబ అయితే ఆ మూతకి మూడుసార్లు అంచు కట్టి విప్పింది, ఆఖరి ముడి నేను వేశాను. ఆ పరీక్ష చేసిన మహానుభావుడెవడో గానీ వాడి జాడీలో ఆవకాయ బూజు పట్టిపోను! వాడికి ఆడదిక్కు ఉందో లేదో. ఒక బుట్ట అల్లడమంటే ఏమిటో వాడికేం తెలుసు? బీరువాలో ముసురు పెట్టి దాన్లోకి తోశాడు, బూజు రాక ఏమొస్తుంది?

నిన్నేమీ అనడం లేదు తల్లీ. నువ్వు మాట వెయ్యలేనన్నా లోపల్లోపల నా కోసం ప్రయత్నించే ఉంటావు, నాకు తెలుసు. అది చాలు నాకు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు, వేళకి తిను.

ఇక్కడ సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ కాగితం వచ్చిన వారానికి ఆరుగురు రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయారు. వీరవేణి కూడా. వెళ్ళేముందు వచ్చి "దసరా దాకా ఆగి అప్పుడెళ్తే అక్కడ ఖాళీ ఉండదండి అమ్మగారూ, ఏమనుకోకండి" అంది. ఏమనుకుంటాను? దాని చేతుల వంక చూడలేక తల ఊపాను.

చల్లమిరపకాయలు ఈ కవరుతో పాటు వేరే పొట్లంలో పంపుతున్నాను.

ఇట్లు, ఓడిపోయిన మీ వదిన,
బాల


బెంగుళూరు,
27 మే 2023

ప్రియమైన వదినకు,

మిరపకాయలు అందాయి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పరీక్ష చేసినవాళ్ళని అంతగా తిట్టకు వదినా. వాళ్ళ పని వాళ్ళది.

వీరవేణి గురించి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. ఈలోగా ఒక విచిత్రం జరిగింది. అది చెప్పాలనే ఇప్పుడు కూర్చున్నాను.

మీ బుట్టతో పాటు పెట్టెలో ఇంకొకటి వచ్చిందట. గుండ్రంగా, చేతి గాజు కంటే లావుగా, మధ్యలో ఖాళీగా. మా వాళ్ళు రిజిస్టరులో "బుట్ట, దాని అడుగుభాగం" అని రెండుగా రాసుకున్నారు. ఫారంలో నువ్వు ఒక వస్తువనే రాశావు. ఇదేంటని ఎవరికీ అర్థం కాలేదు. బుట్టతో పాటు దాన్నీ ముసురు బీరువాలో పెట్టారు. బుట్ట పోయింది, అది మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క చుక్క బూజు లేదు.

బుట్ట ఎందుకు పోయిందో చూద్దామని మా డిజైనరమ్మ కిందికి దిగి వచ్చింది. ఆరడుగుల మనిషి, పేరు నేను రాసినా నువ్వు పలకలేవు. బల్ల మీద ఆ గుండ్రటిదాన్ని చూసి చేతిలోకి తీసుకుంది. తన టీ గ్లాసు పెట్టింది. మొక్క కుండీ పెట్టింది. తర్వాత ఎవరిదో హెల్మెట్ పెట్టింది. ఏది పెట్టినా కదలకుండా కూర్చుంటోందని అందరినీ పిలిచి చూపించింది. "ఇదేమిటి? దీని పేరేమిటి? ఇది వీళ్ళు అమ్ముతారా?" అని అడిగింది. నాకు తెలుసు అదేమిటో. చెప్పలేదు. నీ చేతే చెప్పించాలనిపించింది. ఆఫీసు నుంచి నీకు విడిగా మెయిల్ కూడా వస్తుంది, ప్రసన్నకుమారి కూతురి చేత చదివించుకో.

నీ జవాబు కోసం నాతో పాటు ఆరడుగుల మనిషి కూడా ఎదురుచూస్తోంది.

నీ
ఫణి


పెనుగొండ,
8 జూన్ 2023

ప్రియమైన ఫణీ,

కుదురే అది! కుదురు!

మీ కంపెనీకి మతి పోయిందా? గుండ్రటి అడుగున్న బుట్ట కదా, పెట్టెలో దొర్లకుండా కింద కుదురు వేశాను. అన్నం గిన్నె దింపినా కుదురు మీదే దింపుతాను, నీళ్ళ కుండ పెట్టినా కుదురు మీదే పెడతాను. చెయ్యి దానంతటదే వేసేసింది. వేసినట్టు నాకు గుర్తు కూడా లేదు. అదేమన్నా వస్తువా, ఫారంలో రాయడానికి?

షెడ్డులో చెబితే ఒకటే నవ్వులు. తర్వాత మాణిక్యాంబకి రోషం వచ్చింది. "పన్నెండు రోజులు అల్లింది వద్దంట, పావుగంటలో చుట్టింది కావాలంట. పెళ్ళికూతుర్ని ఒదిలేసి పల్లకీకి పుస్తె కట్టినట్టుందండీ మీ ఆడపడుచుగారి కంపెనీ" అంది. ఆ కుదురు ఎప్పటిదో తెలుసా? పోయిన ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు కోసిన కాడలవి. రోహిణి కార్తె ఎండలో గలగలలాడేలా ఎండాయి. బుట్ట కాడలేమో పుష్యమాసం మంచులో ఎండబెట్టాం. ఇప్పుడు వెలిగింది నాకు. పైకి ఎండినట్టే ఉన్నాయి గానీ లోపల తేమ ఉండిపోయింది. నేను తిట్టిన ఆ మహానుభావుడు అబద్ధం చెప్పలేదన్నమాట. ఆవకాయ శాపం సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

సరే, మీకు కుదురే కావాలంటే కుదురే చేస్తాం. అమ్మడానికి సిగ్గుగా ఉంది గానీ, వీరవేణి చేతులకంటే నా సిగ్గు ఎక్కువ కాదు.

మీ
వదిన


బెంగుళూరు,
18 సెప్టెంబర్ 2023

ప్రియమైన వదినకు,

మీరు పంపిన యాభై కుదుళ్ళూ వచ్చాయి. డిజైనరమ్మ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చింది. పదోది పెట్టేసరికి అన్నీ కూలి బల్ల మీద నుంచి దొర్లుకుంటూ పోయాయి. ఏ రెండూ ఒక కొలతలో లేవు వదినా. "అయిదు వేళ్ళ వెడల్పు" అని నువ్వు రాశావు. ఎవరి వేళ్ళు? మాణిక్యాంబగారి అయిదు వేళ్ళూ ప్రసన్నకుమారిగారి అయిదు వేళ్ళూ ఒకటేనా?

ఇది తప్పు పట్టడం కాదు. ఇక్కడ ఒక స్టోరులో కొన్నది, ఇంకో దేశంలో కొన్నది ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అప్పుడే పెట్టెలో గాలి లేకుండా పడతాయి, అప్పుడే ముందు రాసుకున్న ధర నిలబడుతుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడా వరకు ఫరవాలేదు. అంతకు మించకూడదు. తేమ పద్నాలుగు శాతం దాటకూడదు. తేమ చూసే చిన్న మీటరు ఆఫీసు వాళ్ళే పంపుతారు, రెండు సూదులుంటాయి, కాడలోకి గుచ్చితే అంకె చూపిస్తుంది.

ఇంకో మాట. మీ షెడ్డు సరుకు పరీక్ష నేను చూడటం లేదు. మా మేనేజరుగారికి మన చుట్టరికం చెప్పేశాను, వేరేవాళ్ళు చూస్తున్నారు. అందువల్ల ఏది అడగాలన్నా ఆఫీసునే అడుగు. నన్ను అడిగితే మిరపకాయల గురించే మాట్లాడతాను.

దసరా దగ్గరికొచ్చిందని నాకు గుర్తుంది. రోజూ గుర్తుంటోంది.

నీ
ఫణి


పెనుగొండ,
2 డిసెంబర్ 2023

ప్రియమైన ఫణీ,

మిల్లీమీటరు పట్టేశాం! ఎలాగో చెప్పుకో చూద్దాం. మీ అన్నయ్యకి వచ్చిందే ఆలోచన. బోరుకి వేసే పి.వి.సి. గొట్టాన్ని రింగులు రింగులుగా కోయించారు. ఆ రింగు చుట్టూ జడ చుట్టడం, బిగించడం, రింగు లాగేయడం. ఇప్పుడు ఎవరి వేళ్ళయినా ఒకటే కుదురు. ఇరవై పేర్చాం, పక్కనుంచి కోడి ఎగిరినా కూలలేదు. మీ అన్నయ్య అప్పటినించీ ఇంజినీరులాగే నడుస్తున్నారు, ఇంట్లో భరించలేకపోతున్నాను.

దసరాకి చెన్నై ఆయన మానేశాడు. నెల రోజులు షెడ్డు తలుపు తీశామంటే తీశాం. పదకొండు మందిమే మిగిలాం. మీ కంపెనీ నుంచి మొదటి ఆర్డరు కాగితం వచ్చిన రోజున నేనే రొయ్యల షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాను. వీరవేణి బయటికి వచ్చి, చేతులు చీరకు తుడుచుకుంటూ "ఏంటండీ అమ్మగారూ, ఇలాగొచ్చారు" అంది. "పద" అన్నాను. ఎక్కడికని అడగలేదు. మూడు రోజులు పని చెప్పకుండా చేతులకి కొబ్బరినూనె రాయించి కూర్చోబెట్టాను. ఇప్పుడు షెడ్డులో దానికంటే బాగా జడ బిగించేవాళ్ళు లేరు.

ఇదంతా నీ చలవ ఫణీ. నువ్వు ఎంత కాదన్నా నేను నమ్మను. నీ పేరు చెప్పుకుని పదిహేడు ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

మీ వదిన, మిల్లీమీటర్ల
బాలాత్రిపురసుందరి


పెనుగొండ,
25 ఆగస్టు 2024

ప్రియమైన ఫణీ,

హైదరాబాదు వెళ్ళొచ్చాం! నేనూ, వీరవేణీ, మాణిక్యాంబా, ప్రసన్నకుమారీ. నిడదవోలులో రైలెక్కాం. అక్కడి మీ కంపెనీ స్టోరు లోపలికి వెళ్ళాక బాణం గుర్తులు చూసుకుంటూ నడిచాం నడిచాం, మాణిక్యాంబ "ఇది కొట్టాండి, గిరిప్రదక్షిణా?" అంది. ఎవరిదో ఇల్లు సర్ది ఉంచినట్టు గదులు గదులుగా ఉన్నాయి. ప్రసన్నకుమారి చెప్పులు బయట విప్పి వెళ్ళబోయింది.

ఒక వంటింట్లో కనపడింది మన కుదురు. దాని మీద పచ్చటి మొక్క కుండీ. పక్కనే బల్ల మీద ఇంకోటి, దాని మీద పులుసు గిన్నె. పైన ఏదో విదేశీ పేరు, నాలుక తిరగలేదు. వెనక చిన్న కాగితం, గోదావరి ఆడవాళ్ళు చేత్తో అల్లారని. ఆ ముక్క మాత్రం వీరవేణి కూడబలుక్కుని తనే చదివింది. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయే, దాచుకోవడం ఎందుకు.

ఒక అమ్మాయి వచ్చి సరదాకి దాన్ని తలమీద పెట్టుకుని మొగుడికి చూపించి నవ్వింది. మేమెవరమో తెలియదు. వీరవేణి ఊరుకుంటుందా? "అలాగే పెట్టుకోవాలండి, పైన బిందె పెడితే కుదురుగా నిలబడుద్ది" అంది. ఆ పిల్ల "నిజంగానా అండీ" అని నాలుగు తీసుకుంది. అవి బిల్లు వేయించుకుని పోయేదాకా మేం కదల్లేదు.

తిరుగు రైల్లో అందరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. వచ్చే నెల షెడ్డులో నీకు సన్మానం. కాదంటే ఊరుకోను. చీర తీశాను, మీ అన్నయ్య దండలకి చెప్పారు. మా కుదురుని అంత దూరం తీసుకెళ్ళి నిలబెట్టిన మనిషివి, నువ్వు వచ్చి మా మధ్యలో కూర్చోవాలి. తేదీ రాయి.

ఆనందం పట్టలేని
మీ వదిన


బెంగుళూరు,
11 సెప్టెంబర్ 2024

ప్రియమైన వదినకు,

సన్మానం వద్దు. చీర వీరవేణికి కట్టబెట్టు. ఎందుకో రాస్తాను. రాశాక నువ్వు నాతో మాట్లాడకపోయినా నేను అర్థం చేసుకుంటాను.

పోయిన ఏడాది మీ బుట్టను తిరస్కరించిన మహానుభావుడు నేనే.

నంబరుతోనే వచ్చింది నా బల్ల మీదికి. మూత తీసి చూస్తే అంచు చివర నీ ముడి. కాడ కొస లోపలికి తిప్పి, కింద నుంచి లాగి, కనపడకుండా చేసే ముడి. చిన్నప్పుడు నా జడకి రిబ్బను అలాగే వేసేదానివి, సాయంత్రం దాకా ఊడేది కాదు. అది చూడగానే తెలిసిపోయింది. అప్పుడే లేచి ఇంకొకరికి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. వేరేవాళ్ళయితే కఠినంగా చూస్తారని, నేనైతే నెగ్గిస్తానని అనుకున్నాను. నిజం రాస్తున్నాను, పాసు చేయడానికే నా దగ్గర ఉంచుకున్నాను.

మూడు వారాలు బీరువాలో ఉంది. రోజూ పొద్దున్నే వెళ్ళి అద్దంలోంచి చూసేదాన్ని. ఇరవయ్యో రోజున మూత లోపల తెల్లగా చుక్కలు. గుడ్డతో తుడిస్తే పోయేవి. ఎవరూ చూడలేదు. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. తుడిచి పాసని రాస్తే ఆర్డరు వచ్చేది, అయిదు వేల బుట్టలు చేసేవారు, ఆ బుట్టలు ఎవరింట్లోనో దుప్పట్ల మధ్య బూజు పట్టేవి, అన్నీ వెనక్కి వచ్చేవి. అప్పుడు ఇరవై రెండు మందికీ ఇంకే తలుపూ తెరుచుకోదు. ఇది తెలిసి కూడా గుడ్డ కింద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆఖరికి తిరస్కరించడమైనదని రాశాను. ఆ రోజే మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి చుట్టరికమూ, నేను చేసిందీ చెప్పాను. ఆయన ఇంకొకరితో మళ్ళీ చేయించారు. అదే ఫలితం. నాకు చీవాట్లు పడ్డాయి, పడాల్సినవే.

కుదురు విషయంలో నేను చేసిందేమీ లేదు. బుట్ట పోయింది కాబట్టి డిజైనరమ్మ కిందికి దిగింది, దిగింది కాబట్టి దాన్ని చూసింది. నువ్వు నాకు చెప్పుకున్న కృతజ్ఞతలన్నీ ఏడాదిన్నరగా నాకు ముల్లులా గుచ్చుకుంటున్నాయి. వీరవేణి మంచునీళ్ళలో నిలబడింది నా సంతకం వల్లే. నీకు ఆ రోజే చెప్పాల్సింది. ధైర్యం చాలలేదు.

నువ్వు శాపం పెట్టినట్టే ఆ ఏడు నా ఆవకాయ నిజంగానే బూజు పట్టింది.

క్షమిస్తే నీ ఆడపడుచు,
క్షమించకపోయినా,
ఫణి


పెనుగొండ,
3 నవంబర్ 2024

ప్రియమైన ఫణీ,

నీ ఉత్తరం వచ్చి యాభై రోజులు కావస్తోంది. జవాబు రాయలేదు. కోపం వచ్చి రాయలేదు. మీ అన్నయ్య "రాశావా" అంటే పోస్టాఫీసు సెలవన్నాను. యాభై రోజులు సెలవేమిటని అడగలేదు పాపం. నా ముడి గుర్తుపట్టి కూడా కొట్టేసిందే అని కుమిలిపోయాను. నువ్వు రాసిన కారణాలన్నీ సబబుగానే ఉన్నాయి, కానీ సబబుగా ఉన్నంత మాత్రాన కోపం పోదు కదా. నేను దేవతని కాదు.

పోయిన సోమవారం లారీ వచ్చింది. అంతకు ముందు నాలుగు రోజులు వాయుగుండం, ఒకటే వాన. రెండు వేల నాలుగు వందల కుదుళ్ళు వెళ్ళాలి. నేను మీటరు పట్టుకుని గుచ్చుకుంటూ వస్తున్నాను. పన్నెండు, పదమూడు, పన్నెండు. వీరవేణి గుట్ట దగ్గరికి వచ్చేసరికి పదిహేడు. ఇంకోటి గుచ్చాను, పద్దెనిమిది. నూట ఎనభై కుదుళ్ళు, అన్నీ అంతే. వానకి ఇంటి దగ్గరే చుట్టింది, దాని ఇంటి కప్పు కారిందట. చెబితే పని ఇవ్వనేమోనని చెప్పలేదు.

డ్రైవరు "మళ్ళీ వాన వచ్చేలోగా కదలాలండి" అని హారను కొడుతున్నాడు. ప్రసన్నకుమారి "మధ్య పెట్టెల్లో సర్దేద్దామండి, పైన మంచివి పెడదాం" అంది. వీరవేణి మెల్లిగా "పైకి పొడిగానే ఉన్నాయి కదండీ అమ్మగారూ. ఎవరు చూత్తారండి?" అంది.

నేనే రొయ్యల షెడ్డు గేటు దగ్గర నిలబడి పిలుచుకొచ్చిన మనిషి అది. సరుకుతో వెళ్ళే తనిఖీ ఫారంలో ఫలితం గడి ముందు పెన్ను పెట్టి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. తిరస్కరించడమైనది అని రాశాను. కింద సంతకం పెట్టాను. నూట ఎనభై తక్కువతో లారీని పంపేశాను. వీరవేణి తన గుట్టని గోనెల్లోకి ఎత్తుకుని, కేరేజీ తీసుకుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. నాకు ముద్ద దిగలేదు.

ఆ రెండు రోజులూ నీ ఉత్తరం తీసి చదువుకున్నాను. మొదటిసారి చదివినప్పుడు నువ్వు నా బుట్టని కొట్టేశావన్నదే కనపడింది. ఈసారి గుడ్డ కనపడింది. చేతిలోకి తీసుకుని కింద పెట్టేసిన గుడ్డ. నాకు డ్రైవరు ఉన్నాడు, ప్రసన్నకుమారి ఉంది, పది మంది చూస్తున్నారు. నిన్ను ఎవరూ చూడటం లేదు. ఒక్కదానివే గదిలో ఎలా చేశావే తల్లీ?

వీరవేణి గురువారం వచ్చింది. నూట ఎనభై కుదుళ్ళూ విప్పి, కాడలు వడ్లమిల్లులో బాయిలరు పక్కన ఆరబెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్ళీ చుట్టి తెచ్చింది. "కొలవండి" అంది. కొలుస్తుంటే నా మొహం చూడలేదు, మీటరే చూసింది. పన్నెండు. "ఇంటి కప్పు కారుతోందని ముందే చెప్పాల్సిందండి" అంది. "నేను ముందే అడగాల్సింది" అన్నాను. మీ అన్నయ్య రేపు రేకులు వేయిస్తున్నారు.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. మాణిక్యాంబ "ఆ ఇరవై దినాలూ ఆయమ్మకి అన్నం సయించుండదండి" అంది. వీరవేణి తన చేతులు తిప్పి చూసుకుని, "నాకు రొయ్యల్లో ఏడు నెల్లు పోయాయండి. అయిదు వేల బుట్టలు పాడైపోయుంటే బతుకంతా అక్కడే కదండీ" అంది. నిన్ను అలా చూసింది అది, విన్న వెంటనే. నాకు యాభై రోజులు పట్టింది.

కాబట్టి ఫణీ, ఏడాదిన్నరగా నేను నీకు చెప్పిన కృతజ్ఞతలు తప్పు పనికి చెప్పాను. అవి వెనక్కి తీసుకుని, ఇప్పుడు సరైనదానికి చెబుతున్నాను. మా బుట్టని కొట్టేసినందుకు. గుడ్డ కింద పెట్టినందుకు. చెప్పడానికి ఆలస్యమైనా చెప్పినందుకు. ఆవకాయ శాపం మిగతా సగం కూడా తీసేశాను, ఈ ఏడు జాడీ నేనే పంపుతాను.

ఎండాకాలం కాడలతో మూత బుట్ట మళ్ళీ అల్లాం. ఎల్లుండి పార్సిల్ చేస్తున్నాం. మన షెడ్డు సరుకు నీ బల్ల మీదికి రాకూడదన్నారని నాకు తెలుసు. అయినా మీ మేనేజరుగారికి నా మాటగా ఒకటి చెప్పు. మా బుట్టని పరీక్షించడానికి మా ఆడపడుచు కంటే కఠినమైన మనిషి ఆ కంపెనీలో ఎవరైనా ఉంటే, ముందు వాళ్ళని నాకు చూపించమను.

నీ చేతి పరీక్షకి తలవంచిన,
నీ వదిన
బాల